క్లాంపు బిగించినా కర్ర ఎందుకు జరుగుతుంది: మల్టీపర్పస్ మిషన్ జిగ్గుల్లో సమస్యలు, పరిష్కారాలు

వరంగల్, జమ్మికుంట, మంచిర్యాల వైపు చిన్న కార్ఖానల్లో మల్టీపర్పస్ మిషన్ అంటే ఒకే మోటారు మీద రంద, థిక్‌నెస్సర్ (పలకను ఒకే మందానికి తెచ్చేది), రంపం, పక్కన డ్రిల్ చక్ నడిచే పోత ఇనుప మిషన్. దాంతోపాటు ఇచ్చే గైడు దర్వాజ కర్ర కోయడానికి సరిపోతుంది. సోఫా కాలు ఏటవాలుగా కోయాలన్నా, ఒకే కొలతలో 40 బెజ్జాలు కొట్టాలన్నా జిగ్గు, అంటే కర్రను ప్రతిసారీ ఒకే చోట పట్టి ఉంచే అమరిక, సొంతంగా చేసుకోవాల్సిందే. అది సరిగ్గా పనిచేయకపోతే చాలామంది చేసే మొదటి పని ఇంకో క్లాంపు తగిలించడం. దానివల్ల లాభం తక్కువ. కోత బలాన్ని ఆపాల్సింది స్టాపరు, అంటే కర్ర జరగకుండా అడ్డంగా బిగించిన దిమ్మ. కర్రను స్టాపరుకూ బేసుకూ (జిగ్గు అడుగు పలకకూ) ఆనించి ఉంచడం వరకే క్లాంపు పని. అందుకే ఏ జిగ్గు చేసినా ముందు తెలుసుకోవాల్సింది ఒకటే: ఈ పనిలో మిషను కర్రను ఎటు తోస్తుంది?

జిగ్గు మీద చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు పీకండి, స్విచ్ ఆపితే చాలదు. గ్లౌజులు వద్దు, మెడలో తువ్వాల అసలే వద్దు.

క్లాంపు గట్టిగానే ఉంది, కోత మధ్యలో కర్ర జరుగుతోంది

టాగుల్ క్లాంపు (హ్యాండిల్ తోస్తే టక్కున లాక్ అయ్యేది) మీద 90 కిలోలు, 225 కిలోలు అని రాసి ఉంటుంది. లాక్ అయ్యాక ఎంత బరువు ఎత్తినా విడిపోదో చెప్పే అంకె అది. కర్రను అంత బలంతో నొక్కుతుందని కాదు. పైగా క్లాంపు నొక్కేది కిందికి, రంపం తోసేది పక్కకు. రంద పట్టిన నున్నటి కర్ర ప్లైవుడ్ మీద ఉంటే, 30 కిలోలతో నొక్కినా పక్క తోపుకు 10 కిలోల దగ్గరే జారడం మొదలవుతుంది.

రంపం బల్ల మీద బ్లేడు ముందు పళ్లు కిందికి, మీ వైపుకు తిరుగుతాయి. కాబట్టి కర్ర మీ వైపే జరుగుతుంది, స్టాపరు కూడా ఆ వైపే ఉండాలి. ఏటవాలు కోత జిగ్గులో మడమ దగ్గర, అంటే మీకు దగ్గరగా ఉండే కొనకు, 18 మి.మీ. ప్లైవుడ్ దిమ్మను రెండు M6 బోల్టులతో బిగించండి. ఒక్క స్క్రూతో పెడితే అది స్టాపరు కాదు, తిరిగే తలుపు రెక్క.

స్టాపరు సరిగ్గా ఉండి ఇంకా కొద్దిగా జారుతుంటే బేసు మీద 80 లేదా 100 నంబరు ఎమరీ కాగితం అతికించండి. బేసు టేకుదైతే అతికించే ముందు థిన్నర్ బట్టతో తుడవండి. టేకులోని నూనె మీద గమ్ము సరిగ్గా పట్టదు.

ఒక్కోసారి తప్పు జిగ్గుది కాదు, కర్రది. రంపంతో చీల్చిన పలకల మందం ఒకదానికీ ఇంకోదానికీ 2 మి.మీ. తేడా ఉంటుంది. టాగుల్ రబ్బరు మొన 1 మి.మీ. తేడాను మాత్రమే సర్దుకుంటుంది. వరుసగా చేసే ముక్కలన్నింటినీ ముందు థిక్‌నెస్సర్‌లో ఒకే మందానికి తెచ్చాకే జిగ్గులో పెట్టండి. స్పిండిల్ (రబ్బరు మొన ఉండే మర బోల్టు) సరిగ్గా కుదిరిందో లేదో అరచేతికే తెలుస్తుంది: హ్యాండిల్ చివరి కాస్త దూరం అరచేత్తో తోస్తే టక్కున పడాలి. రెండు వేళ్లతో పడిపోతే వదులు, సుత్తె కావాల్సి వస్తే ఎక్కువ బిగువు. కుదిరాక స్పిండిల్ లాక్ నట్టు బిగించడం మరిచిపోకండి, లేదంటే మిషను అదురుకు సాయంత్రానికల్లా కొలత మారిపోతుంది.

బిగించగానే కర్ర ఒక పక్క లేస్తోంది

కారణం దాదాపు ఎప్పుడూ బేసే. 12 మి.మీ. ప్లైవుడ్ మీద 225 కిలోల క్లాంపు పెడితే వంగేది కర్ర కాదు, బేసు. క్లాంపు లాక్ చేసి బేసు మీద స్టీలు స్కేలు నిలబెట్టి, అవతల నుంచి టార్చి కొట్టండి. కింద వెలుతురు కనబడితే బేసు వంగినట్టే. 18 మి.మీ. ప్లైవుడ్ వాడండి. రబ్బరు మొన పడేచోట కర్ర కింద ఖాళీ లేకుండా చూడండి. ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన పలక) చవకే కానీ అంచుల్లో స్క్రూ నిలవదు, తడి తగిలితే ఉబ్బుతుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న (మెరైన్ గ్రేడు) ప్లైవుడ్ కొంటే రెండు మూడేళ్ల జిగ్గు అవుతుంది.

క్లాంపును చెక్క స్క్రూలతో పెడితే కొన్నాళ్లకు ఊడి వస్తుంది. M6 టీ-నట్లు (ఒక కొనకు రెక్క ఉన్న నట్లు) వాడండి. వాటికి 8 మి.మీ. బెజ్జం కొట్టి, బేసు అడుగు వైపు నుంచి దిగ్గొట్టాలి. క్లాంపు పైకి లాగేకొద్దీ నట్టు రెక్క ప్లైలోకి బిగుసుకుంటుంది. పైనుంచి కొడితే ఆ లాగుడుకే ఊడిపోతుంది. అడుగున రెక్క పైకి తేలకుండా కాస్త గుంట తీయండి, లేదంటే బల్ల మీద గీతలు పడతాయి.

ఎండాకాలం నడిచిన స్లెడ్డు వానలు పడ్డాక గాడిలో పట్టేస్తోంది

స్లెడ్డు అంటే కర్రను పెట్టి రంపం బల్ల మీద ముందుకు తోసే పలక, దాని అడుగున బల్ల గాడిలో నడిచే పట్టీ రన్నరు. మేలో 40 డిగ్రీలు దాటిన ఎండలో ఎండిన కర్రతో రన్నరు చేస్తే, జులైలో అది ఉబ్బి గాడి గోడలను పట్టుకుంటుంది. టేకు ఉబ్బేటప్పుడు వలయాల వెంబడి ఎంత కదులుతుందో, వలయాలకు అడ్డంగా దాంట్లో సగమే కదులుతుంది. రన్నరు కొన చూడండి. వలయాల గీతలు గాడి గోడలకు సమాంతరంగా నిలువుగా ఉంటే వెడల్పు తక్కువ మారుతుంది. పడుకుని ఉంటే ఆ ముక్క పక్కన పెట్టి ఇంకోటి తీయండి.

గాడి కొలత మిషనును బట్టి మారుతుంది. ఇంకో మిషను కొలత నమ్మకుండా మీ గాడిని వెర్నియర్‌తో మూడు చోట్ల కొలవండి. రన్నరు పక్కన మామూలు ప్రింటు కాగితం ఒకటి దూరే సందు, అంటే 0.1 మి.మీ., ఉంటే చాలు. ఎత్తు గాడి లోతు కంటే 1 మి.మీ. తక్కువ ఉంచండి. పట్టేస్తున్న చోటు తెలియాలంటే రన్నరు పక్కలకు పెన్సిలు రుద్ది, పదిసార్లు ముందుకూ వెనక్కూ నడపండి. పెన్సిలు చెరిగి మెరిసిన చోటే తగులుతోంది. అక్కడే గీకండి. మొత్తం రన్నరుకు రంద పట్టారంటే వానలు పోయాక లొడలొడలాడుతుంది. చివర్లో కొవ్వొత్తి రుద్దితే చాలు. నూనె వద్దు, పొట్టు అంటుకుంటుంది.

గునియా పెడితే సరిగ్గానే ఉంది, కోసిన ముక్క మాత్రం వంకర

6 ఇంచుల గునియా మీద కనబడని తేడా 3 అడుగుల పలక మీద బయటపడుతుంది. ఫెన్సును (స్లెడ్డు మీద కర్రను ఆనించే అడ్డపట్టీని) గునియాతో కాకుండా కోతతోనే సరిచూడాలి.

సుమారు 400 మి.మీ. చదరపు ప్లై ముక్క తీసుకుని అంచులకు 1, 2, 3, 4 నంబర్లు వేయండి. ఒకటో అంచు కొద్దిగా కోయండి. కోసిన అంచును ఫెన్సుకు ఆనించి తర్వాతిది కోయండి. అలా నాలుగూ అయ్యాక ఐదోసారి మళ్లీ ఒకటో అంచునే కోయండి. ఈసారి 20 మి.మీ. వెడల్పు పట్టీ పడేలా. కోసే ముందే ఫెన్సు వైపు కొనకు అ, అవతలి కొనకు ఆ అని రాయండి. పట్టీ పడ్డాక రెండు కొనలనూ వెర్నియర్‌తో కొలవండి. ఒకటి 20.8, ఇంకోటి 20.0 వచ్చిందనుకుందాం. తేడా 0.8. నాలుగుసార్లు తిప్పడంతో తప్పు నాలుగింతలైంది కాబట్టి అసలు తప్పు 400 మి.మీ. పొడవులో 0.2. ఫెన్సు తిరిగే బోల్టు నుంచి సవరించే కొన దాకా 600 మి.మీ. ఉంటే ఆ కొనను 0.3 మి.మీ. జరపాలి.

0.3 మి.మీ. చేత్తో జరగదు. ఫెన్సు కొన వెనక ఒక దిమ్మను ఆనించి స్లెడ్డుకు క్లాంపు చేయండి. ఫెన్సు బోల్టు వదులు చేసి, దిమ్మకూ ఫెన్సుకూ మధ్య మూడు ప్రింటు కాగితాలు పెట్టి, ఫెన్సును ఒత్తి బిగించండి. దిమ్మ వైపుకే జరపాలంటే ముందు కాగితాలు పెట్టి దిమ్మను బిగించి, తర్వాత వాటిని తీసేయాలి. ఎటు జరపాలో అనుమానమైతే ఒకవైపు చేసి మళ్లీ ఐదు కోతలు కోయండి. తేడా పెరిగితే అటుకాదు, ఇటు.

ఇంత చేసినా ఒక్కో ముక్క తప్పు వస్తుంటే ఫెన్సు అడుగు మూల చూడండి. అక్కడ ఇరుక్కున్న పొట్టు కర్రను దూరం పెడుతుంది. ఫెన్సు కింది అంచును 3 మి.మీ. ఏటవాలుగా చెక్కితే పొట్టు అందులోకి పోతుంది.

డ్రిల్ చక్‌తో కొట్టిన బెజ్జం వెడల్పు ఎక్కువ, గోడలు వంకర

ఇక్కడ తోపు మూడు దిక్కుల నుంచి ఉంటుంది. బిట్టు లోపలికి దిగేటప్పుడు కర్రను వెనక్కి తోస్తుంది, పక్కకు నడిపేటప్పుడు ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి. అందుకే ఒకవైపు స్టాపరు పెట్టిన జిగ్గు సగం పనే చేస్తుంది. 18 మి.మీ. బేసు మీద 75 మి.మీ. ఎత్తు వెనక గోడ, ఎడమకు స్థిరమైన స్టాపరు, కుడికి ఏటవాలు వెడ్జి, పైన రెండు టాగుళ్లు బెజ్జానికి అటూ ఇటూ.

జిగ్గు బాగుండి కూడా వంకర వస్తే బల్ల కడ్డీలను పట్టుకుని ఊపండి. కదిలితే బుష్ (కడ్డీ నడిచే గొట్టం) వదులైంది. బిట్టు చక్ నుంచి అవసరానికి మించి బయట ఉన్నా ఇదే జరుగుతుంది. మామూలు డ్రిల్ బిట్టుకు పక్కన కోసే అంచు ఉండదు. పక్కకు నడపాలంటే స్లాటింగ్ బిట్టే కావాలి. 12 మి.మీ. బిట్టుతో 60 మి.మీ. పొడవు బెజ్జానికి ముందు రెండు కొనలు పూర్తి లోతుకు, తర్వాత మధ్యలో కాస్త కాస్త ఎడంగా రంధ్రాలు, చివర్లో ఒక్కో విడతకు 3 మి.మీ. లోతున పక్కకు నడపడం.

ఈ మిషన్లలో డ్రిల్ చక్ రంద షాఫ్టు కొసకే ఉంటుంది. డ్రిల్ తిరుగుతున్నంతసేపూ రంద బ్లేడ్లూ తిరుగుతుంటాయి. వాటి మీద మూత వేయకుండా డ్రిల్ పని మొదలుపెట్టకండి.

క్యామ్ లివర్ దానంతటదే వదులవుతోంది

క్యామ్ అంటే మధ్యకు కాస్త పక్కగా ఉన్న బోల్టు మీద తిరిగి కర్రను నొక్కే చక్రం. చెక్కతో చేసిన క్యామ్‌లో ఎక్కువ ఎత్తు రావాలని బోల్టు బెజ్జాన్ని మధ్య నుంచి చాలా పక్కకు కొడతారు. అప్పుడు అదురుకు అది వెనక్కి తిరుగుతుంది. క్యామ్ వ్యాసం, పక్కకు జరిపిన దూరానికి 14 రెట్లకు తగ్గకూడదు: 60 మి.మీ. చక్రానికి 4 మి.మీ. అంచుకు మైనం రుద్దకండి. బోల్టుకు నైలాన్ లాక్ నట్టు వేయండి.

మెత్తటి కర్ర మీద క్లాంపు గుర్తులు పడుతున్నాయి

నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి లాంటి తేలిక కర్ర మీద రబ్బరు మొన కూడా గుంట చేస్తుంది. మొన కింద 50 మి.మీ. ప్లై ముక్క పెట్టి, దాని అడుగున సైకిల్ ట్యూబు అతికించండి.

మెలిదిరిగిన పలక థిక్‌నెస్సర్ స్లెడ్డు మీద నిలవడం లేదు

ఇక్కడ టాగుల్ ఆలోచనే వద్దు. బ్లేడు కింద ఇనుము ఏదీ ఉండకూడదు, ఒక్క స్క్రూ తల తగిలినా బ్లేడు ముక్కలై ఎగురుతుంది. పలకను స్లెడ్డు మీద పెట్టి, ఊగే మూలల కింద సన్నటి వెడ్జీలు దూర్చి హాట్ గ్లూతో అంటించండి. రోలర్లు పలకను ముందుకు లాగుతాయి, స్లెడ్డు దాన్ని అనుసరించాలి. కాబట్టి చెక్క స్టాపరు ముందు వెళ్లే కొనకు ఉండాలి, దాని ఎత్తు చివరి మందం కంటే తక్కువ. ఒక్క విడతకు 1 మి.మీ. మించకండి.

కోసిన చిన్న ముక్క వెనక్కి తన్నుతోంది

స్టాపరుకూ బ్లేడుకూ మధ్య ముక్క ఇరుక్కోవడమే కారణం. స్లెడ్డులో స్టాపరు మీరు ఉంచుకునే ముక్క వైపే ఉండాలి, పడిపోయే ముక్కకు దారి ఖాళీ ఉండాలి. పొడవు కొలతకు రిప్ ఫెన్సును (బల్ల మీద బ్లేడుకు సమాంతరంగా ఉండే గైడును) ఆనుకోవాల్సి వస్తే, ఫెన్సు ముందు భాగంలో 20 మి.మీ. దిమ్మ బిగించి బ్లేడుకు చాలా ముందే ముగించండి. కర్ర కొలతకు దిమ్మను తాకి, బ్లేడు దగ్గరికి వచ్చేసరికి ఫెన్సుకు ఆ 20 మి.మీ. దూరంలో ఉండాలి.