క్లే మిషన్‌కి రిమోట్ పెట్టారా, అయితే సీజన్ ముందు ఇది ఒకసారి చదవండి

ఇక్కడ టెక్సాస్‌లో నార్త్, సెంట్రల్ జోన్లలో సెప్టెంబర్ 1న డవ్ సీజన్ (గువ్వల వేట) ఓపెన్, కాబట్టి ఆగస్టు వీకెండ్స్ అన్నీ మన బ్యాచ్‌కి ఎవరో ఒకరి పొలంలో క్లేలు, అంటే మిషన్ గాల్లోకి విసిరే బిళ్ళలు, గన్‌తో కొట్టడంతోనే సరిపోతుంది. ఈసారి చూస్తే సగం మంది క్లే వదలడానికి తొక్కే ఫుట్ పెడల్ పక్కన పడేసి వైర్‌లెస్ రిమోట్ పెట్టుకున్నారు, సుఖంగానే ఉంది కాదనను, కానీ గన్ గురించి అంత జాగ్రత్తగా ఉండేవాళ్ళు మిషన్ దగ్గరికొచ్చేసరికి ఏదో బొమ్మలాగా చెయ్యి పెట్టేస్తున్నారు, అది చూసే రాస్తున్నా.

పన్నెండు వోల్టుల బ్యాటరీయే కదా అంటారు. షాక్ కొట్టదు నిజమే, కొట్టేది ఆర్మ్, అంటే క్లేని విసిరే కడ్డీ. మోటర్ చేసేదల్లా స్ప్రింగ్‌ని లాగి ఆర్మ్‌ని ఎక్కుపెట్టడం వరకే, విసిరేది స్ప్రింగే. అంటే బ్యాటరీ క్లిప్పులు పీకేసినా ఎక్కుపెట్టిన ఆర్మ్ ఎక్కుపెట్టినట్టే ఉంటుంది, ఎప్పుడు వదులుతుందా అని చూస్తూ. నూరు గ్రాముల పైన ఉండే క్లేని యాభై గజాలు దాటించే దెబ్బ అది, వేళ్ళ మీద పడితే ఏమవుద్దో నేను చెప్పక్కర్లేదు.

పెడల్ ఉన్నప్పుడు ఒక లాభం ఉండేది, వైర్ పొడవు కొంతే కాబట్టి తొక్కేవాడు మిషన్ వెనకాలే నిలబడేవాడు, ఎవడైనా క్లేలు వేస్తుంటే కళ్ళకి కనపడేది. రిమోట్ వచ్చాక బటన్ ఉన్నవాడు వంద గజాల అవతల కూలర్ దగ్గర కూర్చుని కబుర్లు చెప్తుంటాడు, ఇక్కడ మిషన్ దగ్గర ఇంకొకడి చెయ్యి ఉంటుంది. అసలు ప్రమాదం ఇదే.

మా బాబాయి ఊళ్ళో కరెంటాఫీసులో లైన్‌మన్. స్తంభం ఎక్కాలంటే ముందు సబ్‌స్టేషన్‌లో ఎల్సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపారన్న పర్మిషన్) తీసుకోవాలి, మళ్ళీ తీసుకున్నవాడే వాపస్ ఇస్తే తప్ప లైన్ ఛార్జ్ చెయ్యకూడదు, ఎవరో ఫోన్ చేసి అయిపోయిందంట అంటే కుదరదు. మేం క్లే మిషన్‌కి కూడా అదే పెట్టుకున్నాం. మిషన్ దగ్గరికి ఎవరు వెళ్తే రిమోట్ వాళ్ళ దగ్గరే ఉండాలి, ఉన్నవన్నీ, స్పేర్‌ది కూడా. వాళ్ళు వెనక్కొచ్చి చేతికిచ్చేదాకా ఆట లేదు, గన్‌లన్నీ ఓపెన్ చేసి ఖాళీగా పెట్టాలి.

దగ్గరికి వెళ్ళేది కూడా వెనక నుంచే. ముందు ఆర్మ్‌ని రిలీజ్ చెయ్యాలి (చాలా మిషన్లకి ఆఫ్ వేరు, రిలీజ్ వేరు, ఆఫ్ చేసినంత మాత్రాన ఆర్మ్ దిగిపోయిందనుకోకండి, మీ మాన్యువల్‌లో ఎలా ఉందో చూసుకోండి), ఆర్మ్ మీద క్లే ఉంటే అది కూడా ఎగురుద్ది కాబట్టి మిషన్ ఎదురుగా ఎవరూ ఉండకూడదు. ఆర్మ్ దిగిందని కళ్ళతో చూసి, స్విచ్ ఆఫ్ చేసి, బ్యాటరీ క్లిప్ తీసి, అప్పుడు క్లేలు వెయ్యండి. తిరిగి బ్యాటరీ తగిలించేటప్పుడు స్విచ్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి, ఎందుకంటే చాలావాటికి ఆన్ చెయ్యగానే ఆర్మ్ గిర్రున తిరిగి ఎక్కుపెట్టుకుంటుంది.

ఇక రిసీవర్ (మిషన్‌కి పెట్టే, రిమోట్ సిగ్నల్ అందుకునే బోర్డు) సంగతి. ఆన్‌లైన్‌లో చీప్‌గా దొరికే బోర్డులకి రెండు మూడు మోడ్‌లుంటాయి, నొక్కినంతసేపే పనిచేసేది ఒకటి, ఒకసారి నొక్కితే ఆన్ అయి మళ్ళీ నొక్కేదాకా ఆగనిది ఇంకొకటి. మనకి కావాల్సింది మొదటిది. మేం ఒకసారి చూసుకోకుండా రెండోది పెట్టాం, ఒక్క నొక్కుకి వరసపెట్టి ఐదు క్లేలు పోయాయి, అందరూ నవ్వారు గానీ అదే టైంలో ఎవరైనా క్లేలు వేస్తుంటే నవ్వు ఉండేది కాదు. అందుకే కొత్త రిసీవర్ పెట్టినరోజు క్లేలు లేకుండా, అందరూ వెనక నిలబడి, పది సార్లు ఖాళీగా ట్రై చెయ్యండి.

కనెక్షన్ కూడా పెడల్ గుచ్చే చోటే ఇవ్వాలి, బ్యాటరీ మెయిన్ వైర్ మధ్యలో పెట్టొద్దు. మోటర్ స్టార్ట్ అయినప్పుడు లాగే కరెంటుకి రిసీవర్‌లోని ఆ చిన్న రిలే (స్విచ్ లాంటిది) కాంటాక్టులు అతుక్కుపోతాయి, అతుక్కున్నాక మీరు రిమోట్ వదిలినా దానికి తెలీదు. బ్యాటరీ ప్లస్ దగ్గర ఫ్యూజ్ కూడా ఉండాలి.

రెండు మిషన్లు ఒకే కంపెనీవైతే ఒకదాని రిమోట్‌కి రెండోది కూడా క్లే వదలొచ్చు, కోడ్ విడివిడిగా పెయిర్ చేసుకోండి. రిమోట్ మెడలో వేసుకోండి, జీన్స్ జేబులో వద్దు, కూర్చుంటే నొక్కుకుపోద్ది. పిల్లలకి అస్సలు ఇవ్వొద్దు, షూటర్ పుల్ (క్లే వదలమని) అనగానే నొక్కడం వాళ్ళకి భలే సరదా, నాకు తెలుసు.

నొక్కితే పనిచెయ్యలేదా, అక్కడే ఆగండి. చాలామంది నొక్కుకుంటూ మిషన్ ముందుకి నడుస్తారు, సెల్ వీకైన రిమోట్ దగ్గరికెళ్ళేసరికి పనిచేస్తుంది, క్లే నేరుగా మీ మీదకే వస్తుంది. మెయిన్ బ్యాటరీ డౌన్ అయి ఆర్మ్ సగంలో ఆగినా అంతే, చేత్తో తొయ్యకండి, వెనక నుంచే వేరే బ్యాటరీ తగిలించి దాని రౌండ్ అది పూర్తి చెయ్యనివ్వండి.

మన హైదరాబాద్ షూటర్ కైనాన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడిన ట్రాప్ (క్లేలు కొట్టే పోటీ) ఉంది కదా, అక్కడ 15 మిషన్లు కందకంలో ఉంటాయి, షూటర్ అరిస్తే మైక్ విని క్లే వదులుద్ది. మనకి కందకం లేదు, కనీసం మిషన్ పక్కన ఒక ఎర్ర గుడ్డ కట్టి, ఇది దాటి ఎవరూ రావొద్దని గీత గీసుకోవచ్చు.

ఎండ సంగతి కూడా చెప్పాలి. క్లేలు పిచ్‌తో (తారు లాంటిది) చేస్తారు, ట్రక్కులో ఎండకి మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి, అలాంటివి వేస్తే మధ్యలో ఇరుక్కుని మళ్ళీ మన చెయ్యే లోపలికి వెళ్తుంది. నీడలో పెట్టండి, వేసేముందు విడదీసి చూసుకోండి.

ఇంటికి బయల్దేరేటప్పుడు ఆర్మ్ దించేసి, లాక్ పిన్ ఉంటే పెట్టేసి, బ్యాటరీ విడిగా, రిమోట్‌లో సెల్ తీసి విడిగా సర్దండి.