పొన్నియిన్ సెల్వన్ చూసేముందు ఒక కాగితం తీసుకోండి

సినిమా చూస్తుంటే అమ్మ అడిగింది: "ఈ మధురాంతకుడికి సింహాసనం మీద హక్కు ఎక్కడిది?" సినిమా ఆపి, కరెంటు బిల్లు వెనక వంశవృక్షం గీశాను. అయిదు సంపుటాల నవల రెండు భాగాల సినిమాగా కుదించుకుపోతే ముందు నలిగేది పూర్వకథే. మీరూ ఆ చెట్టుతోనే మొదలుపెట్టండి.

పైన చోళ రాజు మొదటి పరాంతకుడు. కింద ముగ్గురు కొడుకుల పేర్లు: రాజాదిత్యుడు, గండరాదిత్యుడు, అరింజయుడు. పెద్దవాడు 949లో తక్కోలం యుద్ధంలో చనిపోయాడు. రాజ్యం గండరాదిత్యుడికి వచ్చింది. ఆయన పోయేనాటికి కొడుకు మధురాంతకుడు పసివాడు. దాంతో తమ్ముడు అరింజయుడు, ఆ తర్వాత అతని కొడుకు సుందర చోళుడు ఏలారు. మధురాంతకుడి పేరు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టండి. అతన్ని గద్దెనెక్కించాలని చోళ సామంతులు పళువేట్టరైయర్లు పన్నే కుట్రకు ఊతం అక్కడే ఉంది.

కల్పిత పాత్రలకు వేరే రంగు వాడండి. పెద్ద పళువేట్టరైయర్ భార్య నందిని ఆ రంగులోనే రావాలి, లేకపోతే చరిత్రా కల్పనా కలిసిపోతాయి. పూలు అల్లే సేందన్ అముదన్ సినిమాలో చిన్న పాత్రే, నవలలో మాత్రం అతని పుట్టుక వెనక పెద్ద కథ ఉంది. అది ఎవరికీ ముందే చెప్పకండి, చదివేవాళ్లకు ఆ ఆనందం దక్కాలి.

చివరగా మన కొమ్మ. సుందర చోళుడి చిన్న కొడుకు అరుళ్‌మొళి, అంటే రాజరాజ చోళుడి కూతురు కుందవ్వ (సినిమాలోని కుందవైకి మేనకోడలు) వేంగి విమలాదిత్యుణ్ని పెళ్లాడింది. వాళ్ల కొడుకే నన్నయను ఆదరించిన రాజరాజనరేంద్రుడు. ఆ పేరు రాయగానే అమ్మ కాగితం నా చేతిలోంచి తీసుకుంది.