మడత చాకు స్క్రూ తల అరిగిపోతే ఎలా విప్పాలి?

మా సోంపేట వైపు కొబ్బరి తోటలున్న ప్రతి ఇంట్లో ఒక మడత చాకు ఉంటుంది. పీచు తాడు కోయాలన్నా, బస్తా కుట్టు విప్పాలన్నా అదే. బిగుసుకుపోయిందనో, రెక్క (బ్లేడు) ఊగుతోందనో ఎవరో ఒకరు నా దగ్గరకు పట్టుకొస్తారు. తెచ్చేసరికి స్క్రూ తల మధ్యలో ఉండాల్సిన నక్షత్రం గుండ్రటి గుంట అయిపోయి ఉంటుంది. "ఏటి బావూ, ఎంత తిప్పినా కదల్నేదు" అంటారు. కదలకపోతే ఆగాలి కదా! బిట్టు (స్క్రూడ్రైవర్ మొన) మొదటిసారి జారినప్పుడే తెచ్చుంటే రెండు నిమిషాల పని. నాలుగుసార్లు జారాక తెస్తే ఒక పూట పడుతుంది.

మాది ఉప్పుగాలి ఊరు కాబట్టి అందరూ తుప్పు మీదకే తోసేస్తారు. తుప్పు నిజమే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక మా ఉద్దానం ప్రాంతంలో కూలిన చెట్ల మధ్య రోజుల తరబడి వానలోనే చాకులు వాడారు. ఆ సంవత్సరం నేను చూసినన్ని తుప్పు స్క్రూలు మళ్ళీ చూడలేదు. కానీ తల అరిగేది తుప్పు వల్ల కాదు, తప్పు బిట్టు వల్ల. చాకులకు ఎక్కువగా వచ్చేవి ఆరు కొనల టార్క్స్ స్క్రూలు. టీ పక్కనున్న అంకె వాటి సైజు. పిడి స్క్రూలకు సాధారణంగా టీ6, రెక్క తిరిగే ఇరుసు స్క్రూకు టీ8. రెండింటికీ మధ్య తేడా మిల్లీమీటరు కూడా ఉండదు. టీ8 గుంటలో టీ7 పెడితే పట్టినట్టే ఉంటుంది, గట్టిగా తిప్పగానే కొనలన్నీ చెక్కేస్తుంది. అలెన్ కీ దూర్చేవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. నా మొదటి చాకును నేను అలాగే పాడుచేసుకున్నాను. ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది.

కావలసినవి: మంచి ఉక్కు బిట్లు టీ6, టీ7, టీ8, టీ9. ఇరవై రూపాయల సెట్లోవి వద్దు, వాటి కొనలే మెలిపడిపోతాయి. 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, బైక్ మెకానిక్కులు వాడే వాల్వ్ గ్రైండింగ్ పేస్టు కాస్త, చిన్న సుత్తి, సూది, పాత టూత్ బ్రష్, మాస్కింగ్ టేపు. అంతే.

ముందు చాకు పదునుకు టేపు మూడు చుట్లు చుట్టి మడిచేయండి. స్క్రూడ్రైవర్ జారిన చెయ్యి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు.

తర్వాత గుంట శుభ్రం. ఇది చాలామంది చెయ్యరు. కొబ్బరి పీచు నలుసులు, నూనె, మట్టి కలిసి గుంట అడుగున గట్టిపడి ఉంటాయి. పైకి కనపడదు. సూది మొనతో గీకితే నల్లటి ముద్ద ఊడొస్తుంది. అది ఉన్నంతసేపూ బిట్టు సగం లోతులోనే ఆగిపోతుంది, సగం లోతున పట్టుకున్న బిట్టు కొనలను కోసేస్తుంది. సూదితో గీకి, కిరోసిన్ ముంచిన బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడవండి. గుంట అడుగున లోహం మెరుస్తూ కనపడాలి.

ఇక అసలు పని. ఇక్కడ తొందర పడితే మిగతా అంతా వృథా.

చాలా చాకులకు ఫ్యాక్టరీలోనే స్క్రూ మరల (చుట్టూ ఉండే గాడుల) మీద థ్రెడ్ లాకర్ అనే జిగురు వేస్తారు. ఊడకుండా ఉండాలని వేసేదే, కానీ కొన్ని కంపెనీలవాళ్ళు ముంచి తీసినట్టు వేస్తారు. నీలం రకమైతే మామూలు చేతి పనిముట్లతోనే ఊడాలి, కానీ ఇంత చిన్న స్క్రూకు అది కూడా ఎక్కువే. ఎర్రది 250 డిగ్రీల దాకా వేడెక్కితే గాని మెత్తబడదు. కాబట్టి ముందు వేడి, తర్వాతే తిప్పడం. ఇది నా పద్ధతి కాదు, ఇదే పద్ధతి.

ఐరన్ బాగా కాలాక మొనను స్క్రూ తల మధ్యలో నిలువుగా ఆనించి నిమిషం పట్టుకోండి. స్క్రూ తలకే తగలాలి, పిడికి తగలకూడదు. ప్లాస్టిక్ పిడి కరుగుతుంది, చెక్క నల్లబడుతుంది. ఇరుసు దగ్గర నైలాన్ వాషర్లు ఉంటే నిమిషం కూడా వద్దు, ఇరవై సెకన్లు కాల్చి, ఆపి, మళ్ళీ ఇరవై సెకన్లు. కంచు వాషర్లకు ఏమీ కాదు. జిగురు మెత్తబడుతుంటే కాలిన ప్లాస్టిక్ లాంటి ఘాటు వాసన, సన్నటి పొగ వస్తాయి. అదే గుర్తు. కిటికీ తీసి ఉంచండి.

గ్యాస్ పొయ్యి మీద మాత్రం పెట్టకండి. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. తెలిసినాయన ఒకాయన పట్టకారుతో చాకు పట్టుకుని మంట మీద కాల్చి తెచ్చాడు. ఇరుసు నుంచి రెక్క సగం దాకా నీలం రంగు తేలింది. ఉక్కు నీలం తేలిందంటే దాదాపు 300 డిగ్రీలు దాటినట్టు. చాకు రెక్కకు ఫ్యాక్టరీలో పదును నిలిచేలా ఇచ్చే వేడి చాలావాటికి 200 అటూఇటూ ఉంటుంది. దాన్ని దాటితే ఉక్కు మెత్తబడుతుంది. ఆ చాకు ఇప్పుడు తాడు కూడా సరిగా కొయ్యదు. సోల్డరింగ్ ఐరన్ వేడి స్క్రూ దగ్గరే ఉండిపోతుంది, అందుకే దాన్నే వాడమంటాను.

వేడి ఉండగానే సరైన బిట్టు మొనకు గ్రైండింగ్ పేస్టు గోరు మీద సున్నమంత రాసి గుంటలో దింపండి. పేస్టులోని సన్నటి రవ్వ బిట్టుకూ స్క్రూకూ మధ్య పట్టు పెంచుతుంది. రబ్బరు బ్యాండు పెట్టండి అని వీడియోల్లో చెబుతారు. తలుపు స్క్రూకు పనికొస్తుందేమో, టీ6 గుంటలో రబ్బరుకు చోటెక్కడిది? బిట్టు నిటారుగా ఉందో లేదో రెండు వైపుల నుంచి చూడండి. సుత్తితో బిట్టు మీద రెండు దెబ్బలు, మేకు కొట్టినట్టు కాదు, తలుపు తట్టినట్టు. తుప్పు పట్టు విడవడానికి అది చాలు.

ఇప్పుడు చాకును గట్టి బల్ల మీద పెట్టి, లేచి నిలబడి, భుజం బరువంతా బిట్టు మీదకు దించండి. బలంలో ముప్పాతిక వంతు నొక్కడానికి, పావు వంతు తిప్పడానికి. ముందు బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పండి. వింతగా అనిపించినా, గుంటలో ఆ వైపు అంచులు ఇంకా అరగకుండా ఉంటాయి. తర్వాత విప్పే వైపు, నెమ్మదిగా, కుదుపు లేకుండా.

వేళ్ళకు తెలిసేది రెండు రకాలు. పొడిగా "టక్" మని ఒక్క చప్పుడు వస్తే జిగురు విరిగింది, స్క్రూ కదిలింది. మెత్తగా, నూనె రాసినట్టు జారినట్టనిపిస్తే బిట్టు పైకి లేస్తోంది. ఆ క్షణమే ఆపేయండి. మళ్ళీ కాల్చండి. నేను ఒక్కో స్క్రూకు ఐదుసార్లు కూడా కాల్చాను. స్క్రూ తిరుగుతోంది గానీ బయటికి రావడం లేదంటే, అవతలి వైపు ఇరుసు కూడా దాంతోపాటు తిరుగుతోందన్నమాట. అటు వైపు ఇంకో బిట్టుతో పట్టుకోండి.

గుంట పూర్తిగా గుండ్రమైపోయి ఉంటే ఒక సైజు పెద్ద బిట్టును సుత్తితో లోపలికి దిగ్గొట్టండి. టీ6కు టీ7, టీ8కు టీ9. అది తన గాడి తనే కోసుకుంటుంది. మళ్ళీ అదే వేడి, అదే నొక్కుడు. తల పిడి పైకి తేలి ఉంటే సన్నటి హాక్సా బ్లేడుతో అడ్డంగా గాడి కోసి చదును స్క్రూడ్రైవర్‌తో తిప్పవచ్చు. పిడిలోకి దిగిపోయిన తలకు అది కుదరదు. సూపర్ గ్లూతో బిట్టును అతికించడం మాత్రం వద్దు. గ్లూ మరల్లోకి దిగితే రెండు జిగుర్లతో పోరాడాలి.

ఇవేవీ పనిచేయకపోతే తల డ్రిల్ చేయాల్సిందే. ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్టు ఉన్న లేత్ షాపుకు ఇవ్వండి, ఇంట్లో చేతి డ్రిల్లుతో వద్దు. చాలాసార్లు డ్రిల్ తిరుగుతుండగానే స్క్రూ దానంతటదే ఊడొస్తుంది. రాకపోతే తల తెగిపోయాక పిడి పలక పైకి లేస్తుంది, మిగిలిన మొండాన్ని కటింగ్ ప్లేయర్‌తో పట్టి తిప్పేయవచ్చు.

ఊడాక మరలను అసిటోన్‌తో కడిగి, ఇరుసులో కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేయండి. కొబ్బరి నూనె వద్దు. ఇంట్లో పీపాలకొద్దీ ఉన్నా వద్దు. చలికాలం గడ్డకడుతుంది, తర్వాత బంకలా మారి దుమ్మును పట్టుకుంటుంది. అరిగిన స్క్రూను మళ్ళీ పెట్టకండి. పాతదాన్ని పట్టుకెళ్తే ల్యాప్‌టాప్ రిపేరు షాపులో ఆ మర స్క్రూ దొరకవచ్చు. దానికి నీలం జిగురు సూది మొనంత రాసి, రెక్క అటూఇటూ ఊగకుండా, కానీ తేలిగ్గా మడిచేలా బిగించండి. జిగురు ఆరడానికి ఒక రోజు పక్కన పెట్టేయండి.