పేరాలో కథ చెప్పకండి, కథలోంచి ముక్క చూపించండి

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి విశాఖ పెదవాల్తేరులో మా మేడమీద గదికి ఆరుగురు పిల్లలు వస్తారు. నలుగురు ఎమ్మే తెలుగు చదువుతున్నారు, ఇద్దరు సివిల్స్‌కి తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకున్నారు. రాసిన వ్యాసాలు తెస్తారు, నేను ఎర్ర పెన్ను పట్టుకుని పక్కన కూర్చుంటాను. కాలేజీలో ఇరవై ఆరేళ్లు తెలుగు చెప్పాను. ఎత్తుగడ దగ్గర తడబడేవాళ్లు తక్కువ, ముగింపు కూడా ఎలాగో గట్టెక్కించేస్తారు. నడుమ పేరాల్లోనే దెబ్బతింటారు. మార్కులు పోయేదీ అక్కడే, చదివేవాడికి ఆసక్తి చచ్చేదీ అక్కడే.

పోయిన నెల గురజాడ ‘దిద్దుబాటు’ మీద రాయమన్నాను. 1910లో అచ్చయిన కథ, పావుగంటలో చదివేయొచ్చు. భీమిలి నుంచి వచ్చే అమ్మాయి రాసిన రెండో పేరా ఇది. తనని అడిగే ఇక్కడ పెడుతున్నాను.

“గురజాడ ఈ కథలో స్త్రీ పాత్రను అద్భుతంగా చిత్రించారు. కమలిని విద్యావంతురాలు, ఆత్మాభిమానం గల స్త్రీ. ఆమె భర్త గోపాలరావు సానిపాటలకు అలవాటుపడి రోజూ ఆలస్యంగా ఇంటికి వస్తుంటాడు. ఒకరోజు వచ్చేసరికి ఆమె ఉత్తరం రాసిపెట్టి పుట్టింటికి వెళ్లిపోతుంది. గోపాలరావు పశ్చాత్తాపపడతాడు. ఈ విధంగా స్త్రీ విద్య ఆవశ్యకతను గురజాడ చక్కగా తెలియజేశారు.”

ముందు చిన్న తప్పు. కమలిని ఎక్కడికీ వెళ్లలేదు. కథ చివర మంచం కింద నుంచి ఆమె నవ్వు వినబడుతుంది. ఈ పిల్లకి ఆ సంగతి తెలుసు. జ్ఞాపకం మీద కథ చెప్పుకుంటూ పోతే చెయ్యి ఇలాగే జారుతుంది. పుస్తకం తెరిచి పక్కన పెట్టుకుని రాయండి.

పెద్ద తప్పు వేరే ఉంది. ఈ పేరాలో సగానికి పైగా కథే. మిగిలింది మెచ్చుకోలు. దిద్దేవాళ్లకి కథ తెలుసు, గురజాడ గొప్పవాడనీ తెలుసు. వాళ్లకి తెలియనిది ఒక్కటే, ఈ కథలో మీ కంటికి ఏం పడిందన్నది. అది ఈ పేరాలో లేదు.

నేను ఎమ్‌ఫిల్ చేసే రోజుల్లో మా గైడు నా మొదటి అధ్యాయం తిరిగిచ్చారు. మార్జిన్ పొడుగునా ఒకటే మాట రాసి ఉంది: “ఎక్కడ?” లెక్కపెడితే పద్దెనిమిది చోట్ల. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను. తెల్లారాక మూలగ్రంథం ముందేసుకుని ప్రతి “ఎక్కడ?”కీ పేజీ వెతికాను. పదకొండు చోట్లకి దొరికాయి. ఏడు చోట్లకి దొరకలేదు, ఆ ఏడు వాక్యాలూ కొట్టేశాను. ఇప్పుడు మా పిల్లలకీ అదే పని చెబుతాను. పేరా రాశాక ప్రతి వాక్యాన్నీ “ఎక్కడ?” అని అడగండి. కథలో చోటు చూపించలేకపోతే ఆ వాక్యం మీద జాలి పడకండి.

మొదటి వాక్యం సంగతి. “స్త్రీ పాత్రను అద్భుతంగా చిత్రించారు” అంటే ఎవరు కాదంటారు? ఎవరూ కాదనలేని మాటకి రుజువు అక్కర్లేదు, కాబట్టి దాని కింద రాయడానికి ఏమీ మిగలదు. మళ్లీ కథ మీదే పడతారు. పేరా మొదట్లో పెట్టే మాట మరొకరు “అలాగా? నాకలా అనిపించలేదే” అనగలిగేలా ఉండాలి. ఆ అమ్మాయిని కథ మళ్లీ చదవమన్నాను, పెన్సిలు చేత్తో పట్టుకుని. అరగంట తర్వాత తలెత్తి, “మేడమ్, కమలిని కథలో ఒక్క మాటా మాట్లాడదండి” అంది. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. నిజమే, ఆవిడ నోటి మాట ఒక్కటీ లేదు. ఉన్నది ఉత్తరం, చివర్లో నవ్వు, అంతే. మాట్లాడేదంతా గోపాలరావే. “ఇదే నీ మొదటి వాక్యం, రాసుకో” అన్నాను.

తర్వాత ముక్క తేవాలి. కథలోంచి ఎత్తి పెట్టే మాటల్ని మేం ముక్క అంటాం. ఇక్కడ అందరూ చేసే పని, ఉత్తరం మొత్తం దింపేయడం. అరపేజీ నిండుతుంది, చేతికి శ్రమ లేదు. కానీ అంత పెద్ద ముక్కలో మీరు చూపించదలచుకున్నదేదో చదివేవాడికి ఎలా తెలుస్తుంది? పులస చేపలా మొత్తం వడ్డించడం కాకుండా ముల్లు తీసి పెట్టాలి. ఉత్తరంలో ఒక్క మాట చాలు: “అయ్యా”. భర్తని పిలిచిన పిలుపది. అంతకుముందు ‘ప్రియా’ అనేదట, ఆ తేడా గోపాలరావే పట్టుకుని కుంగిపోతాడు.

ఇక నా దృష్టిలో అసలు పని ముక్క పెట్టిన తర్వాతే మొదలవుతుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. “కమలిని భర్తను ‘అయ్యా’ అని సంబోధించింది. దీన్నిబట్టి ఆమె ఆత్మాభిమానం తెలుస్తుంది” అని ముగించేస్తారు. ఎలా తెలుస్తుంది? ‘అయ్యా’ అని ఎవరిని అంటాం? ఊరూపేరూ తెలియని పెద్దమనిషిని, ఆఫీసులో అధికారిని. అర్జీలు ఆ మాటతో మొదలవుతాయి. మర్యాదకి లోటు లేదు, దగ్గరితనం మాత్రం పోయింది. ఒక్క తిట్టు లేకుండా మొగుణ్ణి పరాయివాణ్ణి చేసేసింది. ఇదంతా మీరు రాయాలి. ముక్క ఒక పంక్తి అయితే దాని మీద మూడు నాలుగు పంక్తులు రాయండి. నేను పేరాలు దిద్దేటప్పుడు ముందు కొలిచేది ఈ కొలతే.

ఆ రోజు గదిలో ఇంకోటి జరిగింది. కథలో ఒకచోట నౌకరు రాముడు, ఆడవాళ్లకి మగవాళ్లలాగా రాతలూ కోతలూ “మప్పితే” ఇలాగే అవుతుందని గోపాలరావుతో అంటాడు. అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటున్న అబ్బాయి ‘మప్పితే’ దగ్గర ఆగిపోయాడు. ‘తప్పితే’ అని ఉండాల్సింది అచ్చుతప్పు పడిందనుకున్నాడు. భీమిలి అమ్మాయి నవ్వి, “మప్పడమంటే నేర్పడం, మా అమ్మమ్మ ఇప్పటికీ అంటుంది, ఈ పిల్లకి పని మప్పాలి అని” అంది. ఆ ఒక్క మాటతో పేరాకి రెండో ముక్క దొరికింది. కమలినికి చదువు మప్పింది గోపాలరావే అని రాముడు నింద వేస్తున్నాడు. చదువే రాకపోతే ఉత్తరం లేదు, ఉత్తరం లేకపోతే కథ లేదు. వెక్కిరింపుగా అన్న మాటలోనే కథ కీలకం ఉంది. ముక్కలో తెలియని మాట కనిపిస్తే దాటిపోకండి. నిఘంటువు చూడండి, ఆ ప్రాంతం మనిషిని అడగండి.

కాలం, నేపథ్యం రాయొచ్చా అని అడుగుతారు. పనికొస్తేనే. గురజాడ 1862లో ఎస్.రాయవరంలో పుట్టారన్న వాక్యం ఈ పేరాకి ఏమీ చేయదు. కానీ ఆ రోజుల్లో భోగం మేళాలు, అంటే సానుల ఆటపాటలు, మాన్పించాలని సంఘ సంస్కర్తలు ఉద్యమం నడిపారన్నది తెలిస్తే గోపాలరావు అబద్ధం మరో రంగులో కనిపిస్తుంది. రాత్రుళ్లు మీటింగులకి వెళుతున్నానని భార్యకి చెప్పేవాడు. లోకాన్ని బాగుచేసే మీటింగుల పేరు చెప్పి వెళ్లింది సానిపాటకి. ఇలా ముక్కని వెలిగించే నేపథ్యమైతే ఒక వాక్యం రాయండి, వెంటనే కథలోకి తిరిగి వచ్చేయండి.

మీ మాటకి అడ్డొచ్చే ముక్క కూడా కథలో ఉంటుంది. దాన్ని దాచకండి. కమలినిది పైచేయి అని మీరంటే, ఆమె ఎందుకు మంచం కింద దాక్కుంది, మొగుడు మారాడో లేదో వినడానికే కదా అని ఎవరైనా అడగొచ్చు. ఆ ప్రశ్న మీరే ముందు ఎత్తి జవాబు వెతకండి. జవాబు దొరక్కపోతే మొదటి వాక్యాన్నే కాస్త సవరించుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు.

మాటలు ఎత్తేటప్పుడు అక్షరం మార్చకండి. ఈ కథకి భాష తేడాగా ఉన్న ప్రతులు చలామణీలో ఉన్నాయి. ఫోన్లో దొరికిన పాఠం నమ్మి రాసి, పుస్తకంతో పోల్చితే వేరేగా ఉంటుంది. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి వెళ్లి అచ్చు ప్రతి చూసుకోండి, ఏ ముద్రణో రాసుకోండి. పేరా ఎంత పొడుగుండాలన్నదానికి నియమం లేదు. ఒక మాట, దాని ముక్కలు, వాటి వివరణ పూర్తయ్యేదాకా.

మరుసటి ఆదివారం ఆ అమ్మాయి తెచ్చిన పేరా:

“కమలిని కథలో ఒక్క మాటా మాట్లాడదు, అయినా గోపాలరావుకి జవాబు లేకుండా చేస్తుంది. ఉత్తరాన్ని ‘అయ్యా’ అని మొదలుపెట్టింది. ఇది పరాయి పెద్దమనిషికి వాడే పిలుపు. తిట్టకుండానే అతన్ని బయట నిలబెట్టింది. ‘ప్రియా’ పోయిందని గోపాలరావు ఆ మొదటి మాట దగ్గరే కూలబడ్డాడు, అంటే దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. ఆడవాళ్లకి రాత ‘మప్పితే’ ఇంతేనని రాముడు వెటకారం చేస్తాడు గానీ, అతనన్నది నిజమే. గోపాలరావు నేర్పించిన రాతే అతన్ని దోషిగా నిలబెట్టింది.”

రెండుసార్లు చదివాను. ఎర్ర పెన్నుతో కొట్టేయడానికి ఏమీ కనిపించలేదు. మార్జిన్‌లో “మరి ఆ నవ్వు?” అని రాసి కాగితం తిరిగిచ్చాను. ఆ పిల్ల ఓ క్షణం చూసి, సంచిలోంచి తెల్ల కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి కూర్చుంది.