బరువు తగ్గాలంటే మొదటి రెండు వారాలు ఏమీ తగ్గించకండి

బరువు తగ్గాలని గట్టిగా అనుకున్న రోజే తిండి సగం చేసేసి, గంటసేపు పరుగు మొదలుపెడతారు చాలామంది. మొదటి వారంలో రెండు కిలోలు పడిపోతాయి. ఉత్సాహం ఎక్కడలేనంత వస్తుంది. మూడో వారానికి మోకాళ్ల నొప్పులు, చిరాకు, రాత్రి పడుకునే ముందు తట్టుకోలేని ఆకలి. నాలుగో వారానికి అన్నీ అటకెక్కుతాయి, పోయిన కిలోలు తిరిగొస్తాయి. వీళ్ల పట్టుదలకేం లోటు లేదు. ఎంత తింటున్నారో, ఒంట్లో ఎంత ఖర్చవుతోందో తెలియకుండానే కోత పెట్టేశారు, అంతే.

అందుకే మొదటి రెండు వారాలూ మామూలుగానే తినండి. చేయాల్సిందల్లా కొలిచి రాసుకోవడం.

కొందరు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి

షుగర్‌కి ఇన్సులిన్ గానీ, ఇన్సులిన్‌ని పెంచే మాత్రలు గానీ వాడేవాళ్లు తిండి ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. బీపీ మందులు వాడేవాళ్లకు బరువు తగ్గేకొద్దీ మోతాదు మార్చాల్సి రావచ్చు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు కూడా అడిగే మొదలుపెట్టాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్లు నిండనివాళ్లు సొంతంగా క్యాలరీలు కోయకూడదు. కడుపు మాడ్చుకోవడం, తిన్నది కావాలని కక్కేయడం లాంటి ఇబ్బందులు ఇదివరకు పడ్డవాళ్లకు లెక్కలు రాసుకోవడమే చేటు చేయవచ్చు, వాళ్లకు ఈ పద్ధతి వద్దు. ఏ కారణమూ లేకుండా ఈమధ్యే బరువు పెరిగితే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. స్టెరాయిడ్‌లు, కొన్ని మానసిక వైద్యపు మందులు కూడా బరువు పెంచుతాయి. అలాగని వాటిని సొంతంగా ఆపేయకండి, రాసిచ్చిన డాక్టర్‌తోనే మాట్లాడండి.

కొలతలు ఎలా తీసుకోవాలి

బరువు రోజూ చూసుకోండి. పొద్దున లేచి, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినక తాగక ముందు. మెషీన్ గట్టి నేల మీద ఉండాలి. కార్పెట్ మీద పెడితే తప్పు చూపిస్తుంది, చోటు మార్చినా తేడా రావచ్చు. ఏ ఒక్క రోజు అంకెనీ పట్టించుకోకండి, ఏడు రోజుల సగటు తీసి దాన్నే చూడండి. రోజుకీ రోజుకీ కిలో, ఒక్కోసారి రెండు కిలోల తేడా మామూలే. ముందురోజు ఉప్పు ఎక్కువైనా, రాత్రి ఆలస్యంగా తిన్నా, మలబద్ధకం ఉన్నా, నెలసరి దగ్గరపడ్డా బరువు పెరిగినట్టే కనిపిస్తుంది. అందులో కొవ్వు ఉండదు.

నడుము వారానికోసారి కొలిస్తే చాలు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యలో టేపు పెట్టి, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. టేపు నేలకు సమాంతరంగా ఉండాలి, చర్మంలోకి దిగకూడదు. ఈ కొలత ఎత్తులో సగానికి లోపు ఉండటం మంచిది. 160 సెంటీమీటర్ల ఎత్తుంటే నడుము 80 దాటకూడదన్నమాట. తూకం కదలని వారాల్లో చాలాసార్లు ఈ టేపే అసలు సంగతి చెబుతుంది.

తిండి లెక్క దగ్గరే అందరూ బోల్తా పడతారు. ఒక గ్రాము తేడా కూడా చూపే కిచెన్ స్కేల్ కొనుక్కోండి. ఇందులో లెక్క తప్పే చోట్లు దాదాపు అందరికీ ఒకటే.

నూనె మొదటిది. ఒక టేబుల్ స్పూన్ నూనెలో దాదాపు 120 క్యాలరీలుంటాయి, చేత్తో అంచనాగా పోస్తే రెండు మూడు స్పూన్లు ఇట్టే పడిపోతాయి. సీసాని వంటకు ముందోసారి, తర్వాతోసారి తూచండి. తేడాయే వాడిన నూనె.

రెండోది పచ్చివీ ఉడికినవీ కలిపేయడం. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 క్యాలరీలుంటే, 100 గ్రాముల అన్నంలో 130 చిల్లరే. ఉడికేటప్పుడు నీళ్లు పీల్చుకుని బరువు దాదాపు మూడింతలవుతుంది. ఉడికినది తూచి పచ్చిదాని అంకె రాస్తే లెక్క రెండున్నర రెట్లు పెరుగుతుంది. పచ్చిది తూచి ఉడికినదాని అంకె రాస్తే అంతే తగ్గుతుంది. పప్పులదీ ఇదే సంగతి.

ఇంటిల్లిపాదికీ కలిపి వండినప్పుడు ఇలా చేయండి. ఖాళీ గిన్నె బరువు ఒకసారి తూచి రాసిపెట్టుకోండి. వేసిన ప్రతి వస్తువునీ పచ్చిగా తూచి క్యాలరీలు కూడండి, 1,200 వచ్చాయనుకుందాం. వండాక గిన్నెతో సహా తూచి, గిన్నె బరువు తీసేయండి, 1,500 గ్రాములు తేలింది. అంటే గ్రాముకి 0.8 క్యాలరీ. మీరు 250 గ్రాములు వడ్డించుకుంటే 200 క్యాలరీలు.

ప్యాకెట్ల మీద 'ఒక సర్వింగ్‌కి' అని రాసే అంకెతో జాగ్రత్త. ఆ సర్వింగ్ 30 గ్రాములే కావచ్చు, మీరు తిన్నది ప్యాకెట్ మొత్తం కావచ్చు. 100 గ్రాములకి ఉన్న అంకె పట్టుకుని, తిన్నదాన్ని తూచుకోవడమే నయం. ఇక రుచి చూసినవి, పిల్లలు వదిలేస్తే పారేయలేక తిన్నవి, పానీయాల్లోని చక్కెర, ఇవన్నీ కూడా రాయాలి. ఏం తిన్నారని అడిగితే జనం నిజంగా తిన్నదానికంటే తక్కువే చెబుతారని పోషకాహార పరిశోధనల్లో పదేపదే తేలింది. అబద్ధమాడి కాదు, గుర్తుండక.

ఈ తూకాలన్నీ జీవితాంతం అక్కర్లేదు. నెలా రెండు నెలలు చేస్తే కన్నుకి అంచనా కుదురుతుంది.

మీ అంకె కనుక్కోవడం

మిఫ్లిన్ – సెయింట్ జియోర్ అనే సూత్రం 1990లో వచ్చింది, ఇప్పటికీ బాగా వాడుకలో ఉంది. కిలోల్లో బరువుని 10తో, సెంటీమీటర్లలో ఎత్తుని 6.25తో గుణించి కూడండి. అందులోంచి వయసుని 5తో గుణించి తీసేయండి. మగవాళ్లు దానికి 5 కలపాలి, ఆడవాళ్లు 161 తీసేయాలి. కదలకుండా పడుకున్నా ఒంటికి రోజూ అయ్యే ఖర్చిది.

35 ఏళ్లు, 160 సెంటీమీటర్లు, 80 కిలోలున్న ఆవిడనే తీసుకుందాం. 800 ప్లస్ 1,000, మైనస్ 175, మైనస్ 161. వచ్చింది 1,464. రోజంతా కూర్చునే పనైతే దీన్ని 1.2తో, వారంలో కొన్ని రోజులు తేలికపాటి వ్యాయామం ఉంటే 1.375తో గుణించాలి. ఆమెది కూర్చునే పని, కాబట్టి రోజు మొత్తం ఖర్చు సుమారు 1,757. కొత్తవాళ్లు దాదాపు అందరూ ఇక్కడ తమని తాము ఎక్కువ చురుకైనవాళ్లుగా లెక్కేసుకుంటారు. అనుమానం ఉంటే చిన్న అంకే తీసుకోండి.

ఏ సూత్రమైనా ఇచ్చేది అంచనాయే. మీ రెండు వారాల పుస్తకం దానికంటే నమ్మదగ్గది. మొదటి వారం సగటు బరువుకీ రెండో వారం సగటుకీ తేడా చూడండి. తేడా లేకపోతే, మీరు రోజూ తిన్న సగటే మీ ఖర్చు. 0.2 కిలో తగ్గితే, దాన్ని 1,100తో గుణించండి: 220. రోజూ తిన్నదానికి ఆ 220 కలిపితే మీ ఖర్చు వస్తుంది. పెరిగితే కలిపే బదులు తీసేయాలి. కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలుంటాయి, దాన్ని ఏడు రోజులకు పంచితే వచ్చిందే ఈ 1,100. సూత్రానికీ పుస్తకానికీ 400కి మించి తేడా వస్తే, ముందు రాతలో ఏం తప్పిపోయిందో వెతకండి.

మూడో వారం నుంచి కోత

మీ ఖర్చు కంటే రోజుకి 300 నుంచి 500 క్యాలరీల తగ్గింపు చాలు. 400 తగ్గిస్తే వారానికి 0.36 కిలో. వినడానికి చిన్నదే గానీ, ఆరు నెలలు ఆ చిన్న అంకె మీద నిలబడగలిగినవాళ్లకే ఫలితం దక్కుతుంది. వారానికి ఒంటి బరువులో ఒక శాతానికి మించి తగ్గకూడదు. మరీ వేగంగా తగ్గితే కొవ్వుతో పాటు కండ కరుగుతుంది, పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదమూ పెరుగుతుంది. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా ఆడవాళ్లు 1,200, మగవాళ్లు 1,500 క్యాలరీల కిందికి దిగవద్దు.

కోత ఎక్కడ పెట్టాలో మీ పుస్తకమే చూపిస్తుంది. తీసేసినా ఆకలి పెరగనివి ముందు తీసేయాలి: తీపి పానీయాలు, వంటలో మిగులుగా పడే నూనె, ప్యాకెట్‌లోంచి నేరుగా తినే చిరుతిళ్లు, ఆకలి తీరాక కూడా మారు వడ్డించుకోవడం. 330 మిల్లీలీటర్ల తీపి సోడా డబ్బాలో 140 దాకా క్యాలరీలుంటాయి, కడుపు మాత్రం నిండదు. గింజలు, నట్స్ ఆరోగ్యానికి మంచివే గానీ 30 గ్రాముల గుప్పెడే 170 దాటుతుంది. మంచి తిండి కదా అని కొలవకుండా తినడం వల్ల బరువు తగ్గడం ఆగిపోయేవాళ్లు చాలామంది.

కలపాల్సినవి రెండున్నాయి. చేరాలనుకున్న బరువు ప్రతి కిలోకీ 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రొటీన్ రోజూ అందాలి. 65 కిలోలు లక్ష్యమైతే 78 నుంచి 104 గ్రాములు. ఒక్క పూటే కాకుండా అన్ని పూటలకీ పంచుకోండి. ప్రొటీన్ వల్ల ఆకలి అదుపులో ఉంటుంది, కండ నిలబడుతుంది. రెండోది పీచు, రోజుకి 25 నుంచి 30 గ్రాములు. ఒకేసారి పెంచితే కడుపుబ్బరం ఖాయం. రెండు మూడు వారాల్లో మెల్లగా, నీళ్లు పెంచుకుంటూ పెంచండి. పళ్లెంలో సగం కూరగాయలు, పావు ప్రొటీన్, పావు ధాన్యం అనే కొలత పెట్టుకుంటే లెక్క రాయని రోజు కూడా పెద్దగా గాడి తప్పదు.

ఉపవాస పద్ధతులు, పిండిపదార్థాలు మానేసే డైట్‌లు పనిచేయవని కాదు. వాటివల్ల మొత్తం క్యాలరీలు తగ్గితే బరువు తగ్గుతుంది, తగ్గకపోతే లేదు. పిండిపదార్థాలు మానేసిన మొదటి వారంలో తూకం ధడాలున పడటానికి కారణం నీళ్లు. పిండిపదార్థాల్ని ఒళ్లు గ్లైకోజెన్ అనే రూపంలో నిల్వ చేసుకుంటుంది. దాని ప్రతి గ్రాముతోనూ సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది, నిల్వ ఖాళీ అయితే ఆ నీరూ పోతుంది. మళ్లీ తిన్న రోజు తిరిగొస్తుంది. దాన్ని చూసి కంగారు పడి పస్తులుండాల్సిన పని లేదు.

వారాంతాల సంగతి వేరేగా చెప్పుకోవాలి. ఐదు రోజులు 400 చొప్పున తగ్గిస్తే 2,000. శని, ఆదివారాల్లో ఖర్చు కంటే రోజుకి 1,000 ఎక్కువ తింటే వారం లెక్క సున్నా. విందు ఉందని ముందే తెలిస్తే, ఆ వారం మిగతా రోజుల్లో 100 చొప్పున అదనంగా తగ్గించి దానికి చోటు చేసుకోవచ్చు.

వ్యాయామం

నడకతో మొదలుపెట్టండి. ఇప్పుడు రోజుకి ఎన్ని అడుగులు వేస్తున్నారో ఫోన్‌లో చూసి, వారానికోసారి రోజుకి వెయ్యి చొప్పున పెంచండి. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజుల కండర వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. బరువు ఎక్కువున్నవాళ్లు మొదట్లోనే పరుగు జోలికి పోకపోవడం మంచిది, మోకాళ్లు, మడమలు ముందు దెబ్బతింటాయి.

కండర వ్యాయామానికి ఇంట్లో ఇవి చాలు: కుర్చీలో కూర్చుని లేవడం, గోడకు చేతులానించి పుషప్‌లు, వెల్లకిలా పడుకుని తుంటి పైకెత్తడం, సాగే బ్యాండ్‌ని తలుపు గొళ్లేనికి గట్టిగా కట్టి వెనక్కి లాగడం. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, రెండు విడతలు, మధ్యలో రోజు విడిచి వారానికి రెండుసార్లు. ఇంకో రెండు మూడు చేయగలననిపించినప్పుడే ఆపాలి. 12 తేలికయ్యాక కుర్చీ ఎత్తు తగ్గించండి, గోడ బదులు బల్ల వాడండి. మొదలుపెట్టిన వారం పది రోజులు కండరాల్లో నీరు చేరి బరువు కాస్త పెరగవచ్చు. చాలామంది సరిగ్గా అప్పుడే మానేస్తారు.

వాచీ చూపించే క్యాలరీలని తిండిగా మార్చుకోకండి. 80 కిలోల మనిషి అరగంట నడిస్తే, కూర్చున్నా అయ్యే ఖర్చు పోను అదనంగా కరిగేది సుమారు 100. వాచీలు చాలావరకు ఎక్కువే చూపిస్తాయి. పొట్ట వ్యాయామాలతో పొట్ట దగ్గరి కొవ్వు మాత్రమే కరగదు, ఎక్కడిది ముందు పోవాలో ఒళ్లే తేల్చుకుంటుంది. నిద్ర ఏడు గంటలకు తగ్గితే మర్నాడు ఆకలి పెరుగుతుంది, వ్యాయామానికి ఒళ్లు బద్ధకిస్తుంది.

తూకం ఆగిపోతే

వారం ఆగితే అది ఆగడం కాదు. వారాల సగటు మూడు నాలుగు వారాలు వరుసగా కదలకపోతే, నడుము కూడా తగ్గకపోతే అప్పుడు చూడాలి. నెలసరి వచ్చేవాళ్లు ఈసారి నెలసరి మొదలైన వారాన్ని పోయినసారి నెలసరి మొదలైన వారంతోనే పోల్చాలి. ముందు ఒక వారం మళ్లీ ప్రతిదీ తూచి రాయండి, చాలావరకు జవాబు అక్కడే దొరుకుతుంది, నూనె మళ్లీ పెరిగి ఉంటుంది. రాత సరిగ్గానే ఉంటే కొత్త బరువుతో సూత్రం మళ్లీ వేయండి. పది కిలోలు తగ్గిన మనిషికి, కూర్చునే పనైతే, రోజు ఖర్చు 120 దాకా పడిపోతుంది. అప్పుడు తిండి 100 తగ్గించండి, లేదా అడుగులు రెండు వేలు పెంచండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

కళ్లు తిరగడం, ఎప్పుడూ చలిగా అనిపించడం, జుట్టు విపరీతంగా రాలడం, నెలసరి తప్పడం కనిపిస్తే తిండి పెంచి డాక్టర్‌ని కలవండి. తిన్నాక కడుపు కుడివైపు పైభాగంలో తీవ్రమైన నొప్పి వస్తే అది పిత్తాశయంలో రాళ్ల వల్ల కావచ్చు, డాక్టర్ దగ్గరికి వెళ్లడం ఆలస్యం చేయవద్దు.

మొదటి లక్ష్యం ఇప్పటి బరువులో ఐదు శాతం పెట్టుకోండి. 80 కిలోలకు అది నాలుగు కిలోలే, బీపీ, షుగర్ లెక్కల్లో మెరుగు కనిపించడానికి చాలామందికి అది చాలు. అక్కడికి చేరాక అలసట ఉంటే రెండు వారాలు కోత ఆపేసి, అప్పటి బరువుకి తగ్గ ఖర్చు ఎంతో అంతే తినండి. మొదటి రెండు మూడు రోజుల్లో కిలో దాకా పెరిగితే అది నీరే. ఆ రెండు వారాల్లోనూ తూకం, ప్రొటీన్, నడక మాత్రం ఆపవద్దు.