చెట్టు మొదట గట్టి గొడుగు పుడితే ఏం చూడాలి, ఏం చేయాలి

తొలకరి పడి మూడు నాలుగు వారాలు గడిచాక హైదరాబాదు వీధుల్లో తురాయి, నిద్రగన్నేరు, సుబాబుల్ చెట్ల మొదళ్లను వంగి చూస్తే, కొన్నిచోట్ల బెరడుకు గూటి పలకలా అతుక్కుని పెరిగిన గట్టి పుట్టగొడుగులు కనిపిస్తాయి. వీటినే బ్రాకెట్ ఫంగస్ అంటారు. చాలామంది వాటిని కొడవలితో చెక్కేసి పీడ వదిలిందనుకుంటారు గాని, ఆ గొడుగు మామిడికి కాయ వంటిది మాత్రమే. అసలు శిలీంధ్రం సన్నని దారాలుగా చెక్క లోపల అల్లుకుని ఉంటుంది. కనుక పీకకుండా ముందు ఫొటో తీసి, అది ఎక్కడ పుట్టిందో గుర్తించాలి.

ఎండుకొమ్మ మీద పుట్టిన నారింజ రంగు పలుచని గొడుగులకు, వాన వెలిశాక ముడుచుకుపోయే తెల్లని విసనకర్రల వంటివాటికి కంగారు అక్కరలేదు. ఆ కొమ్మను తీయిస్తే చాలు. మొదలు దగ్గరో, వేరు మీదో పుట్టి, పైభాగం లక్క పూసినట్లు ఎర్రగోధుమ రంగులో మెరుస్తూ, పెరిగే అంచు తెల్లగా ఉంటే అది చెక్కను కుళ్లబెట్టే గానోడెర్మా అనే శిలీంధ్రం కావచ్చు. అడుగున సూదితో పొడిచినట్లు సన్నని రంధ్రాలుంటాయి. రాత్రి దాని కింద తెల్ల కాగితం పరిచి ఉంచితే, తెల్లారేసరికి కోకో పొడి వంటి బీజాల పొడి రాలి ఉండవచ్చు. మా ప్రహరీ పక్క తురాయి కింద అరుగు మీద పేరుకున్న ఆ పొడిని మేము చాలా రోజులు రోడ్డు దుమ్మనుకుని తుడిచాము.

గానోడెర్మా వేళ్లను, మొదలును కుళ్లబెడుతున్నా ఆకులు పచ్చగానే ఉండవచ్చు. పైన పటారం, లోన లొటారం. కొయ్య సుత్తితో మాను చుట్టూ తట్టి, డొల్ల శబ్దం వచ్చినచోట సుద్దతో గీత గీయండి. అయితే కుళ్లు బాగా ముదిరితేనే శబ్దంలో తేడా తెలుస్తుంది. చెట్టు ఒరిగిన వైపుకు ఎదుటివైపు నేల పగిలిందా, కేబుల్ గుంతల కోసం వేళ్లు నరికారా అన్నదీ చూడాలి. కొబ్బరికైతే గొడుగు రాకముందే మాను మొదలు నుంచి ఎర్రగోధుమ జిగురు కారుతుంది. ఆ దశలో ఏటా చెట్టుకు 5 కిలోల వేపపిండిలో ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రపు పొడి కలిపి వేయడం మేలు.

ముదిరిన కుళ్లుకు మందు లేదు. తొర్రలో సిమెంటు నింపడం నా దృష్టిలో అన్నిటికన్నా చెడ్డ పని, ఎందుకంటే అది తేమను పట్టి ఉంచి కుళ్లును కంటికి కనబడకుండా చేస్తుంది. కొమ్మల బరువు తగ్గించి, కింద బండ్లు నిలపడం మాన్పించాలి. తప్పనిసరిగా కొట్టించాల్సి వస్తే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. కొట్టాక మోడును, దొరికినన్ని వేళ్లను తవ్వి తీయించండి. శిలీంధ్రం వాటిలో ఏళ్ల తరబడి బతుకుతుంది కాబట్టి అదే గుంతలో మళ్లీ తురాయిని నాటకూడదు.