జబ్బు చేస్తే ఈఎస్ఐ డబ్బు: ముందు రోజులు లెక్కపెట్టుకోండి

విజయవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే షెడ్డులో చేస్తున్నా, లేతు మీద చేస్తున్నా, జీతంలో ఈఎస్ఐ (కార్మిక రాజ్య బీమా) కోత ఉంటే గుణదల ఆసుపత్రిలో వైద్యం దొరుకుతుందని అందరికీ తెలుసు. పనికి వెళ్లలేని రోజులకు సగటు కూలిలో 70 శాతం చేతికొస్తుందన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు. ఏడాదిలో 91 రోజుల దాకా ఇస్తారు.

పది మంది, అంతకు మించి పనిచేసే చోట, నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుంది. ఓవర్‌టైమ్ డబ్బును ఈ పరిమితిలో కలపరు. కార్మికుడి వాటా 0.75 శాతం, యజమానిది 3.25. అంటే 15,000 జీతానికి మీ దగ్గర 113 రూపాయలు పట్టుకుంటే, ఆయన 488 కలిపి కట్టాలి. చేరగానే పది అంకెల ఇన్సూరెన్స్ నంబరు అడిగి తీసుకోండి. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో ఇక్కడా అలాగే ఉండాలి. బ్యాంకు ఖాతా కూడా అప్పుడే ఎక్కించాలి.

ఇక అసలు చిక్కు. ఈ నెల కోత పడింది కాబట్టి ఈ నెల జబ్బుకు డబ్బు వస్తుందనుకుంటే పొరపాటే. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందా తర్వాతి జనవరి నుంచి జూన్ వరకు పనికొస్తుంది. అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టింది జులై నుంచి డిసెంబరు వరకు. చందా కట్టే ఆ ఆరు నెలల్లో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. ఫిబ్రవరిలో కామెర్లు వస్తే చూసేది నిరుటి ఏప్రిల్–సెప్టెంబరు లెక్కే. మొదటిసారి ఈఎస్ఐలోకి వచ్చినవాళ్లకు చేరిన తొమ్మిది నెలల తర్వాతే ఈ హక్కు మొదలవుతుంది. వైద్యానికి ఆ నిరీక్షణ లేదు.

రోజులు ఎక్కడ పోతాయి? నెలంతా పని చేయించుకుని పన్నెండు రోజులే చూపించే చోట. అది కోతలోనే తెలిసిపోతుంది, కాబట్టి జీతం చీటీలు దాచుకోండి. నెల చందా తర్వాతి నెల 15లోగా కట్టాలి. ఆ తేదీ దాటాక ఈఎస్ఐ పోర్టల్లో మీ నంబరుతో లాగిన్ అయి రోజులు సరిచూసుకోండి. తేడా ఉంటే అప్పుడే యజమానిని అడగాలి, కదలకపోతే ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వాలి. మంచాన పడ్డాక ఈ తగువు తేలడం కష్టం.

జబ్బు చేసిన రోజే మీ ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్లి, పనికి వెళ్లకూడదని సర్టిఫికెట్ రాయించుకోండి. మందుల చీటీ ఒక్కటే ఉంటే చాలదు. డాక్టరు మళ్లీ రమ్మన్న తేదీకి తప్పకుండా వెళ్లండి, మధ్యలో సర్టిఫికెట్ లేని రోజులకు డబ్బు ఆగిపోతుంది. అత్యవసరమై ప్రైవేటు ఆసుపత్రిలో చేరితే డిశ్చార్జి కాగితాలన్నీ ఉంచుకుని, ఇంట్లోవాళ్ల చేత వెంటనే డిస్పెన్సరీకి కబురు చేయించండి. కోలుకున్నాక ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తో క్లెయిము వేయాలి. మొదటి రెండు రోజులకు డబ్బు రాదు. సగటు కూలి 500 అయితే పది రోజుల జ్వరానికి ఎనిమిది రోజుల లెక్కన 2,800 వస్తుంది. అయితే జబ్బు తగ్గిన 15 రోజుల్లోపే తిరగబెడితే ఆ రెండు రోజుల కోత మళ్లీ ఉండదు.

పనిలో దెబ్బ తగిలితే దారి వేరు. 78 రోజుల షరతు లేదు, చేరిన తొలిరోజే వేలు తెగినా హక్కు ఉంది, ఇచ్చేది 90 శాతం. కాకపోతే షాపు ప్రమాదాల పుస్తకంలో ఆ రోజే రాయించాలి. ‘ఇంట్లో జారిపడ్డాడు’ అని ఆసుపత్రి చీటీలో ఒక్కసారి పడితే దాన్ని మార్పించడం చాలా కష్టం. ఎవరు బతిమాలినా అలా చెప్పకండి. ఈ డబ్బు తీసుకుంటున్న రోజుల్లో పనిలోంచి తీసేసే అధికారం యజమానికి లేదు.